ఒక్క ఓటు కథ మాకు చెప్పకండి

ఈ ఉదయం ఆరున్నరకు, ఇంకా పాలప్యాకెట్టు కూడా కత్తిరించకముందే, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు ఒక రంగురంగుల బొమ్మ పెట్టారు. అందులో ఒక ఉదయిస్తున్న సూర్యుడు, పక్కన సిరా చుక్క పెట్టిన వేలు, కింద పెద్ద అక్షరాల్లో ఒక చరిత్ర పాఠం ఉన్నాయి. 1839లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మార్కస్ మార్టన్ అనే ఆయన తన ప్రత్యర్థిని ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడించి గవర్నర్ అయ్యాడట, కాబట్టి ఆదివారం జరిగే అసోసియేషన్ ఎన్నికలకు ప్రతి ఒక్కరూ తరలిరావాలట. పది నిమిషాల్లో దాని కింద 23 దండాలు పడ్డాయి. ప్రత్యర్థితో తేడా ఒక్క ఓటు కాదనీ, 309 ఓట్లనీ నేను ఒక చిన్న సవరణ రాస్తే, "అంకుల్, కాస్త పాజిటివ్‌గా ఉందాం" అని జవాబు వచ్చింది. 31 సంవత్సరాలు ఆడిట్ ఉద్యోగం చేసిన మనిషిని నేను. తప్పు అంకెను తప్పు అనడం ఏనాటి నుంచి నెగెటివ్ అయిందో తెలియక అలాగే కూర్చుండిపోయాను. కాఫీ చల్లారింది కానీ నేను చల్లారలేదు.

ఆ ఎన్నికలో పోలైన మొత్తం ఓట్లు 1,02,066. మార్టన్‌కు 51,034 వచ్చాయి, అప్పటి గవర్నర్ ఎడ్వర్డ్ ఎవరెట్‌కు 50,725 వచ్చాయి, మిగిలిన 307 ఓట్లు చిల్లరగా చెదిరిపోయాయి. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే సరిపోయేది కాదు, పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి, లేకపోతే ఎంపిక శాసనసభ చేతికి వెళుతుంది, అక్కడ బలమంతా ఎవరెట్‌గారి విగ్ పార్టీదే. సగం అంటే 51,033. మార్టన్‌కు దానికంటే ఒక్కటి ఎక్కువ వచ్చింది. ఒక్క ఓటు అన్న మాటకు అసలు అర్థం ఇది. ఇంత అందమైన లెక్కను నలిపి నలిపి, చివరకు గుడ్ మార్నింగ్ బొమ్మగా మార్చారు.

పైగా ఆ ఎన్నికలో జనం కదిలింది ఏదో పవిత్రమైన ఓటుహక్కు మీది భక్తితో అనుకుంటే పొరపాటు. 1838లో అక్కడ ఒక చట్టం వచ్చింది, 15 గ్యాలన్లకు తక్కువగా సారాయి అమ్మకూడదని. అంటే దాదాపు 57 లీటర్లు ఒకేసారి కొనగలిగిన దొరలు ఇంటికి పీపాలు తెప్పించుకుని తాగవచ్చు, సాయంత్రం ఒక గ్లాసు పుచ్చుకునే కూలివాడికి మాత్రం నిషేధం. డెడ్‌హామ్ అనే ఊళ్లో ఒక మహానుభావుడు పందికి చారలు పూసి, వింత జంతువును చూపిస్తానని గుడారం వేసి, చూడటానికి వచ్చినవారి దగ్గర టికెట్టు డబ్బులు తీసుకుని మందు మాత్రం ఉచితంగా పోశాడు. ఆ చట్టం మీద సంతకం చేసింది ఎవరెట్. 1828 నుంచి ఏటేటా నిలబడి ఏటేటా ఓడిపోతూ వచ్చిన మార్టన్‌కు చివరికి దారి చూపించింది ఆ చారల పంది కోపమే. సెక్రటరీగారి బొమ్మలో సూర్యుడు ఉన్నాడు గాని ఈ పంది లేదు.

ఆ కథలో నిజంగా దండం పెట్టదగ్గ ఘట్టం ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఒక్క ఓటుతో పీఠం చేజారినప్పుడు, పోరాడమని సొంత పార్టీవాళ్లు ఎగదోస్తున్నా, ఎవరెట్ ఆ ఫలితాన్ని సవాలు చేయనన్నాడు. ఆయనే 1863లో, అమెరికా అంతర్యుద్ధం నాటి గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో జరిగిన సభలో రెండు గంటలు మాట్లాడి, తర్వాత రెండు నిమిషాలు మాట్లాడిన అధ్యక్షుడు లింకన్ ముందు చరిత్రలో మళ్లీ వెనుకబడ్డాడు. ఓడినవాడి మర్యాదకు బొమ్మలు రావు.

అయినా నాకు ఒళ్లు మండింది అంకె తప్పినందుకు మాత్రమే కాదు. ఓటరును ఉద్దేశించి ఉపన్యాసం ఇచ్చే ప్రతివాడూ ఓట్లు లెక్కపెట్టేవాడి గురించి ఎందుకు నోరు మెదపడు అన్నదే నా బాధ. అంతగా అమెరికా కథలు కావాలంటే మరొకటి ఉంది, అదీ గవర్నర్ ఎన్నికే, అదీ నువ్వా నేనా అన్నట్టు జరిగినదే. 1855లో విస్కాన్సిన్‌లో గవర్నర్‌గా ఉన్న విలియం బార్‌స్టో డెమోక్రటిక్ పార్టీ తరఫున మళ్లీ నిలబడ్డాడు, అంతకు ఏడాది ముందే పుట్టిన రిపబ్లికన్ పార్టీ తరఫున కోల్స్ బాష్‌ఫర్డ్ పోటీ చేశాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఈ బార్‌స్టో పరివారానికి అప్పటికే ఆ రాష్ట్రంలో 'బార్‌స్టో, నలభై దొంగలు' అనే పేరు స్థిరపడి ఉంది. ఆలీబాబా కథకు సముద్రాలు అడ్డం కావన్నమాట.

ఓట్లు కూడి ఫలితం ప్రకటించవలసిన ముగ్గురు అధికారులూ బార్‌స్టో పార్టీవారే. వారు కూడి, తీసివేసి, బార్‌స్టోకు 36,355, బాష్‌ఫర్డ్‌కు 36,198 అని తేల్చి, 157 ఓట్ల ఆధిక్యంతో మన గవర్నరే మళ్లీ గవర్నర్ అని ప్రకటించారు. తీరా ఆరా తీస్తే, ఆ ఆధిక్యమంతా రాష్ట్రం ఉత్తరభాగం నుంచి అనుబంధంగా వచ్చి చేరిన లెక్కల పత్రాలదని బయటపడింది. ఆ ఉత్తరభాగం అప్పటికి పైన్ చెట్ల అడవి, అక్కడక్కడ కలప కొట్టేవాళ్ల మకాములు తప్ప జనవాసం బహుపలచన. ఆ పత్రాల్లో కొన్నింటిలో పేర్కొన్న పోలింగ్ కేంద్రాలు అసలు భూమి మీదనే లేవు. లేని ఊళ్లలో, లేని మనుషులు, లేని పెట్టెల్లో ఓట్లు వేశారు, ఉన్న గవర్నర్ గెలిచాడు.

ఇది చదువుతున్న మా బ్లాకువాళ్లకు ఇప్పటికే విషయం అర్థమై ఉంటుంది, అర్థం కానట్టు నటించేవాళ్ల కోసం వివరంగానే రాస్తాను. రెండేళ్ల కిందట ఈ కమిటీ 7 ఓట్ల తేడాతో గెలిచింది. వారికి పడిన ఓట్లలో 11 సి బ్లాకు నుంచి ప్రాక్సీ కాగితాల రూపంలో, అంటే రాలేని యజమాని తన ఓటు వేసే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే కాగితాల రూపంలో వచ్చాయి. అప్పటికి సి బ్లాకు అంటే నాలుగు స్తంభాలు, ఆకుపచ్చ వల, పై అంతస్తుల్లో ఇసుక బస్తాలు. నేను మర్నాడు సాయంత్రం టార్చిలైటు పట్టుకుని, రెయిలింగు లేని మెట్లు గోడను తడుముకుంటూ ఎక్కి, ఓటు వేసినట్టు చెప్పబడుతున్న 403వ నంబరు ఫ్లాటుకు వెళ్లాను. దానికి తలుపు లేదు, కిటికీ చట్రాలు లేవు, వంటగది కావలసిన చోట ఒక పావురం గుడ్ల మీద కూర్చుని నన్ను చొరబాటుదారుణ్ని చూసినట్టు చూసింది. ఆ ఫ్లాటుకు యజమాని ఎవరో చూపించండి అని అడిగితే బిల్డరుగారి దగ్గర వివరాలున్నాయన్నారు, ప్రాక్సీ కాగితాలు చూపించండి అంటే ఫైలు ఆడిటర్ దగ్గర ఉందన్నారు, ఏ ఆడిటర్ అని అడిగినందుకు నేను గొడవ మనిషినయ్యాను. 11 కాగితాల్లోనూ ఒకే నీలం జెల్ పెన్ను, ఒకే చేతివ్రాత, 'అధికారము' అన్న మాటలో ఒకే అక్షరదోషం ఉండటాన్ని లెక్కింపు రోజున నేను దూరం నుంచే చూశాను. నా కళ్లకు శుక్లాల ఆపరేషన్ ఆ మధ్యనే అయింది కనుక చాలా స్పష్టంగానే చూశాను. చివరికి నాకు దక్కిన జవాబు ఏమిటంటే, ఫలితం ప్రకటించేశాం, మినిట్స్ పుస్తకంలో ఎక్కించేశాం, ఇక మాట్లాడటానికి ఏముంది అని.

సరిగ్గా ఈ మాటనే బార్‌స్టో న్యాయవాదులు విస్కాన్సిన్ సుప్రీంకోర్టులో అన్నారు. 1856 జనవరిలో ఒకే రోజున బార్‌స్టో మేళతాళాలతో ప్రమాణం చేశాడు, బాష్‌ఫర్డ్ హడావుడి ఏమీ లేకుండా ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ విటన్ ఎదుట ప్రమాణం చేశాడు. రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లు. ప్రాణం ఉండగా పదవి వదలనని బార్‌స్టో భీష్మించాడు. వ్యవహారం కోర్టుకెక్కితే, గవర్నర్‌ను ప్రశ్నించే అధికారం కోర్టుకు లేదనీ, అధికారులు ఇచ్చిన ధ్రువపత్రమే తుదిమాట అనీ ఆయన న్యాయవాదులు వాదించారు. బాష్‌ఫర్డ్ తరఫున వాదించినవారిలో ఎడ్వర్డ్ రయన్ ఉన్నాడు, ఆయన బార్‌స్టో పార్టీకే చెందిన డెమోక్రాట్. సొంత పార్టీవాడు గెలిచినట్టు రాసిన లెక్కను తప్పని చెప్పడానికి నల్లకోటు వేసుకుని నిలబడిన మనిషి ఆయన. మా దగ్గర అలాంటివాడు ఒక్కడుంటే, ఆ 11 కాగితాలు టేబుల్ మీదికి ఎప్పుడో వచ్చేవి.

ముగ్గురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చింది చదివిన రోజున నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పదవి మీద హక్కు ఓటర్లు వేసిన ఓటువల్ల వస్తుంది తప్ప, లెక్కపెట్టినవారు రాసిచ్చిన కాగితంవల్ల రాదనీ, ఆ కాగితం సాక్ష్యం మాత్రమేననీ, సాక్ష్యం తప్పైతే దాన్ని దాటి వెళ్లి అసలు ఓట్లను చూడవచ్చుననీ వారు నిలబెట్టారు. తీర్పు తనకు వ్యతిరేకంగా వస్తోందని పసిగట్టిన బార్‌స్టో మార్చి 21న రాజీనామా చేసి, లెఫ్టినెంట్ గవర్నర్, అంటే ఉపగవర్నర్, ఆర్థర్ మెకార్థర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి తప్పుకున్నాడు. ఈ మెకార్థర్ మనవడే తర్వాతి కాలంలో రెండో ప్రపంచయుద్ధంలో పేరుమోసిన అమెరికా సేనాని జనరల్ డగ్లస్ మెకార్థర్. అసలు కుర్చీయే నీది కానప్పుడు నువ్వు కూర్చోబెట్టినవాడిది మాత్రం ఎలా అవుతుందని కోర్టు అడిగింది, 1,009 ఓట్ల ఆధిక్యంతో బాష్‌ఫర్డే గెలిచాడని మార్చి 24న తీర్పు చెప్పింది. మర్నాడు బాష్‌ఫర్డ్ షెరీఫ్‌ను వెంటబెట్టుకుని నేరుగా గవర్నర్ గదిలోకి నడిచాడు. బలప్రయోగం చేస్తారా అని మెకార్థర్ అడిగితే, అవసరం రాదనుకుంటున్నాను గాని వస్తే వెనుకాడనని చెప్పాడు. నాలుగు రోజుల గవర్నర్‌గారు లేచి వెళ్లిపోయారు.

ఇప్పుడు గ్రూపులో ఎవరో ఒకరు గూగుల్‌లో వెతికి, ఆ బాష్‌ఫర్డ్ మాత్రం తక్కువ తిన్నాడా అని నన్ను నిలదీస్తారని తెలుసు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ పదవిలోకి వచ్చిన ఏడాదే రైల్వే కంపెనీకి భూములు కట్టబెట్టే వ్యవహారంలో ఆయనకు 50,000 డాలర్ల బాండ్లు ముట్టాయి, 1858లో విచారణలో ఆ సంగతి బయటపడింది, తర్వాత ఆయన అరిజోనాకు చేరాడు. ఓడిపోయిన మా ప్యానెల్ అభ్యర్థి కూడా బోరు మోటారు రిపేరులో ఏం చేశాడో నాకు తెలియనిది కాదు. దొంగ ఎవరన్నది వేరే పంచాయితీ. వేసిన ఓట్లు ఎన్ని అన్నది ముందు తేలాలని అడగడానికి నేను ఎవరి మంచితనానికీ పూచీ పడనక్కరలేదు.

సెక్రటరీగారూ, మీ బొమ్మ కింద నేను ఇందాక మూడో సందేశం పెట్టాను, ఈసారి వచ్చే ప్రాక్సీ కాగితాలను లెక్కింపుకు ముందే నోటీసు బోర్డు మీద అంటించమని. అది చూసినట్టు నీలం గీతలు పడి రెండు గంటలైంది. ఆదివారం పది గంటలకు నేను తప్పకుండా వస్తాను. సి బ్లాకుకు లిఫ్టు ఇంకా బిగించలేదు కాబట్టి, 403 నుంచి ఓటర్లు మెట్లు దిగి రావడానికి కొంత సమయం పట్టవచ్చు, కోరమ్ లెక్క, అంటే సభకు కావలసినంత మంది వచ్చారా అన్న లెక్క, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టగలరని మనవి.