‘క్రోమోజోముల పంపకం ఎప్పుడూ సగం సగమే’ అనే ప్రచారం తప్పు

“క్షయకరణ విభజనలో (అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సగానికి తగ్గే కణ విభజన) పక్షపాతం ఉండదు. ప్రతి క్రోమోజోముకూ పిల్లలోకి చేరే అవకాశం సరిగ్గా 50 శాతం. తేడాలేమైనా ఉంటే ల్యాబ్‌లో పెంచిన జీవుల్లోనే. ఏ జన్యువైనా బాగా వ్యాపించిందంటే అది ఆ జీవికి మేలు చేసేదే.” ఈ నాలుగు మాటలు బయాలజీ స్టూడెంట్ల మధ్య తెగ తిరుగుతున్నాయి. పరీక్షకు చదివే పిల్లలు నమ్మి రాసుకుంటున్నారు కాబట్టి జవాబు చెప్పాలి.

చాలా జన్యువుల విషయంలో సగం లెక్క నిజమే. ‘ప్రతి’ అన్న మాటే తప్పు. ఇళ్ళల్లో తిరిగే చిట్టెలుకల్లో కొన్నింటికి 17వ క్రోమోజోములో దాదాపు మూడో వంతు ‘టీ-హాప్లోటైప్’ (క్లుప్తంగా ‘టీ’) అనే జన్యువుల గుంపు ఉంటుంది. మగదానికి అది ఒక్క కాపీ ఉన్నా, తరచుగా 90 శాతానికి పైగా పిల్లలకు చేరుతుంది. ఈ గుంపులోని కొన్ని జన్యువులు అన్ని శుక్రకణాల కదలికనూ దెబ్బతీస్తాయి. అదే గుంపులోని మరో జన్యువు టీ ఉన్న శుక్రకణాలను మాత్రం కాపాడుతుంది. ఇక్కడ విభజన సక్రమంగానే జరుగుతుంది, మోసం ఆ తర్వాత మొదలవుతుంది.

విభజనలోనే పక్షపాతం చూడాలంటే ఆడదాని అండాశయంలోకి వెళ్ళాలి. అక్కడ విభజనలో అండం ఒక్కటే నిలుస్తుంది, ధ్రువకణాల్లోకి (విభజనలో పక్కకు పోయే చిన్న కణాలు) పోయినవి నశిస్తాయి. అంటే అండం వైపు చేరిన క్రోమోజోముకే భవిష్యత్తు. సెంట్రోమియర్ (విభజనలో క్రోమోజోమును లాగే దారాలు పట్టుకునే చోటు) బలంగా ఉన్నది అటు చేరే అవకాశం ఎక్కువని చిట్టెలుకల అండకణాల్లో చూశారు. రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటైనప్పుడు, ఆ అతుకు గెలుస్తుందా, విడివి గెలుస్తాయా అన్నది కూడా ఈ బలంలోని తేడాను బట్టే ఉంటుందని 2014లో తేలింది.

ఇదంతా ల్యాబ్ ముచ్చట కాదు. చిట్టెలుకకు మామూలుగా 40 క్రోమోజోములు. మదీరా ద్వీపంలో స్వేచ్ఛగా బతికే ఎలుకల్లో ఇలాంటి అతుకుల వల్ల 22 నుంచి సుమారు 30 క్రోమోజోములే ఉన్న ఆరు తెగలు ఉన్నాయని 2000లో ప్రకటించారు. దానికి పక్షపాతం ఒక్కటే కారణమని నేను అనను. కొండల మధ్య చిన్న గుంపులుగా విడిపోవడం కూడా తోడై ఉంటుంది.

అన్నిటికంటే హానికరమైనది ‘మేలు చేసేదే వ్యాపిస్తుంది’ అన్న చివరి మాట. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే రకం టీ అందిన పిల్లలు సాధారణంగా పుట్టకముందే చనిపోతాయి. వేర్వేరు రకాలు అంది బతికితే, మగవాటికి సంతానం కలగదు. ఇందులో ఎలుకకు మేలెక్కడ?

టీ అన్నిచోట్లా ఎందుకు నిండిపోలేదో స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్ దగ్గరి ఒక కొట్టంలో ఏళ్ళ తరబడి గమనించారు. అక్కడ అది తగ్గుతూ వచ్చి కనుమరుగైంది. ఆడ ఎలుక ఒకటి కంటే ఎక్కువ మగవాటితో జతకట్టినప్పుడు, తన శుక్రకణాల్లో సగాన్ని తానే చెడగొట్టుకున్న టీ మగది పోటీలో వెనకబడుతుంది. టీ ఉన్న ఎలుకలు ఆ కొట్టం వదిలి వెళ్ళిపోయే అవకాశం మిగతావాటి కంటే ఎక్కువని 2018లో బయటపడింది. అలా వెళ్ళి చేరిన చోట ఎలుకలు తక్కువగా ఉంటే, ఆడదానికి దొరికేది ఒక్క మగదే కావచ్చు, అక్కడ టీకి పోటీ ఉండదు.