మంచులో సైకిలా? ఆ ఫార్వర్డుకు నా జవాబు

పిల్లల్ని విదేశాలకు పంపే సీజను వచ్చిందంటే చాలు, తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ లేస్తుంది. పొద్దున బైరాగిపట్టెడలో ఎవరో పెడతారు, సాయంత్రానికి చిత్తూరు కట్టమంచి దాకా పోతుంది. అందులో ఉండేది ఇదీ: మంచు దేశాల్లో చలికాలం సైకిల్ తొక్కితే ప్రాణాలకే ముప్పు. మైనస్ పదిలో ఊపిరితిత్తులు గడ్డకడతాయి. మంచు మీద ఏ చక్రమూ నిలవదు. తప్పనిసరైతే టైర్లలో సగం గాలి తీసేసి, ఉన్న స్వెటర్లన్నీ వేసుకుని పోవాలి. ఎట్లాగూ ఒక్క చలికాలానికే సైకిల్ తుప్పు పట్టి పోతుంది. అక్కడివాళ్లే తొక్కరు, మనకెందుకు?

నేను ఫిన్లాండులోని ఊలులో చదువుకుని వచ్చినవాణ్ని. "ఇదంతా నిజమేనా నాయనా" అని అడిగే పిన్నులకూ మామయ్యలకూ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నా.

చివరిదాన్నే ముందు తీసుకుంటా, అది పచ్చి అబద్ధం కాబట్టి. ఊలు ఆర్కిటిక్ వలయానికి దాదాపు 170 కిలోమీటర్ల దక్షిణాన ఉంది. ఊరి నిండా వందల కిలోమీటర్ల సైకిల్ దారులు, పెద్ద రోడ్లు అడ్డొచ్చిన చోట కింద నుంచి సొరంగాలు. మైనస్ పదిహేనులో కూడా బడి ముందు సైకిళ్లు వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కో సీటు మీదా జానెడు మంచుతో. చలికాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది ఆ ఊళ్లోనే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో మంచు పడితే ముఖ్యమైన సైకిల్ దారులను కార్ల రోడ్ల కన్నా ముందు ఊడుస్తారు. కెనడాలోని మాంట్రియల్‌లో బిక్సీ అనే అద్దె సైకిళ్లను ఒకప్పుడు చలికాలం ఎత్తేసేవాళ్లు, 2023 చివరి నుంచి కొన్ని స్టాండ్లను ఆ నెలల్లోనూ నడుపుతున్నారు.

అయితే వాళ్లకేదో చలి ఆనదని కాదు. తెల్లారేలోపు దారి ఊడ్చే బండి వస్తుంది, అదీ సంగతి. ఆ బండి రాని ఊరికి మీ అబ్బాయి పోతుంటే ఫార్వర్డులో సగం నిజమే అనుకోండి. కాబట్టి సీటొచ్చిన ఊళ్లో సైకిల్ దారులు ఊడుస్తారా లేదా అన్నది అక్కడ ఇప్పటికే ఉన్న సీనియర్లను అడిగి తెలుసుకోవాల్సిన మొదటి విషయం. మనవాళ్లు ఇండియన్ స్టోర్ ఎంత దూరమో అడుగుతారు, దీన్ని మాత్రం అడగరు.

ఇక జారడం. మెసేజ్ రాసినాయన మంచంతా ఒకటే అనుకున్నాడు. చలి ముదిరేకొద్దీ జారుడు కూడా ముదురుతుందని ఆయన లెక్క. జరిగేది దాదాపు దానికి తలకిందులు. మైనస్ పదిహేనులో తొక్కుడుపడి గట్టిపడిన మంచు అడుగు వేస్తే కరకరమంటుంది, టైరుకు బాగానే పట్టు ఇస్తుంది. ప్రమాదమంతా సున్నా దగ్గర ఉంది. పగలు కాస్త కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టి, పొద్దునకు దారి అద్దంలా తయారవుతుంది. దాని మీద సన్నటి నీటి పొర ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మన ఎయిర్ బైపాస్ రోడ్డులో ఎండాకాలం తర్వాత పడే మొదటి చినుకులకు బండ్లు ఎట్లా జారతాయో చూసినవాళ్లకు ఇది సులభంగానే అర్థమవుతుంది: కుండపోత కన్నా ఆ తడీ పొడీ కానిదే ప్రమాదం. వీటన్నిటికన్నా చెడ్డది తారు మీద కంటికి కనపడని పలచటి ఐసు. తడిసిన రోడ్డే కదా అని పోతాం, మలుపులో హ్యాండిల్ తిప్పేసరికి ముందు చక్రం మనది కాదు. గడ్డకట్టే వాన కురిసిన రోజు సైకిల్ తీయకూడదు, బస్సెక్కాలి. ఇందులో పౌరుషానికి పోవాల్సిందేమీ లేదు.

అంటే పిల్లల్ని భయపెట్టాల్సింది మైనస్ ఇరవై పేరు చెప్పి కాదు, సున్నా పేరు చెప్పి. నవంబరులో, మళ్లీ మార్చి, ఏప్రిల్‌లో.

ఏ చక్రమూ నిలవదన్నది కూడా తప్పే. టంగ్‌స్టన్ కార్బైడ్ మేకులు దిగ్గొట్టిన టైర్లు దొరుకుతాయి, రకాన్ని బట్టి ఒక్కోదానికి వంద నుంచి మూడొందల మేకులు. రబ్బరు పట్టలేని ఐసును అవి గీరి పట్టుకుంటాయి. జర్మనీలో కార్లకు మేకుల టైర్లు నిషేధం కదా అని ఒకాయన వాదించాడు. నిజమే, కానీ ఆ నిషేధం సైకిళ్లకు లేదు.

గాలి సగం తీసేయమన్న సలహా ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. వదులు మంచులో గాలి కాస్త తగ్గిస్తే టైరు వెడల్పుగా ఆనుతుంది, మేలే. కానీ గట్టి ఐసు మీద దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, సగం తీస్తే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పంచరవుతుంది. పైగా గాలిని చలి తనంతట తానే తగ్గిస్తుంది. 25 డిగ్రీల గదిలో 50 పీఎస్‌ఐ కొట్టిన టైరు మైనస్ 15లోకి వచ్చి చల్లబడేసరికి దాదాపు 41కి పడిపోతుంది. దాంట్లోంచి మళ్లీ సగమా?

ఊపిరితిత్తులు గడ్డకట్టడం కట్టుకథ. పీల్చిన గాలి ముక్కులో, గొంతులో వెచ్చబడి, తేమపట్టి లోపలికి పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం చల్లటి పొడిగాలికి ఆయాసం రావచ్చు. వాళ్లు డాక్టరును అడిగి, ముక్కూ నోరూ కప్పుకుని తొక్కాలి.

స్వెటర్ల మాట చెబితే అమ్మలకు కోపం వస్తుందేమో. తొక్కడం మొదలెట్టిన పది నిమిషాలకే ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. లోపల ఉన్నది మన కాటన్ బనియన్ అయితే ఆ చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే వణుకు మొదలు. గడప దాటేటప్పుడు కొంచెం చలిగా అనిపించేంతే వేసుకోవాలి: ఒంటికి ఆనుకుని పలచటి ఉన్ని, పైన గాలి ఆపే జాకెట్. మైనస్ పదిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 18లా తగులుతుంది, కాబట్టి డబ్బు పెట్టాల్సింది గ్లోవ్స్ మీద, బూట్ల మీద. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. మంకీ క్యాప్ మాత్రం పెట్టండి, హెల్మెట్ కింద పట్టే పలచటిది.

తుప్పు సంగతిలో మెసేజ్ అంత తప్పు చెప్పలేదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో చైను వారాల్లో ఎర్రబడుతుంది, తుడిచి నూనె వేస్తూ ఉండాలి. గడ్డకట్టే చలిలో లోపలి గ్రీజు బిగుసుకుంటే వెనక చక్రంలోని ఫ్రీవీల్ పట్టదు, పెడల్ ఊరికే తిరుగుతుంది. అందుకే పెడల్ వెనక్కి తొక్కితే బ్రేక్ పడే పాత రకం సాదా సైకిలే చలికాలానికి నయం. ఇంకో పొరపాటు మనవాళ్లు ప్రేమతో చేస్తారు: సైకిల్‌ను రాత్రి వెచ్చటి గదిలోకి తెచ్చి పొద్దున బయటికి తీయడం. గదిలో దానికి పట్టిన చెమ్మ బయట కేబుళ్లలోనే గడ్డకడుతుంది. చూరు కింద బయటే ఉంచితే మేలు. తాళం గడ్డకడితే వేడినీళ్లు పోయకూడదు, ఆ నీళ్లే కాసేపటికి మళ్లీ ఐసు. జేబులో ఐసును కరిగించే మందు, డీఐసర్ అంటారు, చిన్న సీసా ఉంటే చాలు. బ్యాటరీ సైకిలైతే సున్నా కన్నా తక్కువలో చార్జింగ్ పెట్టొద్దు. బ్యాటరీ ఒక్కదాన్నీ ఊడదీసి గదిలోకి తెచ్చుకోవచ్చు.

ఇంత రాసిన మెసేజ్‌లో చీకటి ఊసే లేదు, చిత్రం. డిసెంబరులో ఊలులో పగలు మూడున్నర గంటలే. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా బయల్దేరితే మంచు దాకా అక్కర్లేదు, కారే చాలు. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, ఇంకో జత దగ్గరుండాలి.

మేకుల టైరు ఇక్కడ గాంధీ రోడ్డు అంగళ్లలో వెతికి సూట్‌కేసులో కుక్కే ప్రయత్నం చేయొద్దు, అక్కడ సైకిల్ కొన్నాకే కొనాలి. పాత టైరు పక్కన 37-622 లాంటి అంకెలు అచ్చేసి ఉంటాయి, అంగట్లో అదే సైజు అడగాలి. రెంటికీ డబ్బు లేకపోతే ముందు చక్రానికి వేయించుకోవాలి. వెనక చక్రం జారితే కాలు ఆనించి నిలదొక్కుకునే వీలుంటుంది, ముందుది జారితే ఉండదు. కొత్త టైరును మొదటి 40 కిలోమీటర్లూ పొడి తారు మీద, గట్టి బ్రేకులు వేయకుండా తొక్కాలి. మేకులు రబ్బరులో కుదురుకోవడానికి ఆ మాత్రం దూరం కావాలి, కాబట్టి మంచు పడకముందే, అక్టోబరులోనే వేయించుకోమని చెప్పండి.