బిట్లన్నీ కరెక్టే, వైఫై మాత్రం రాలా

గైడ్ అంటే ఏంటో బెజవాడ వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. టెక్స్ట్‌బుక్ మానేసి గైడ్ కొని, ఆ గైడ్ కూడా మొత్తం చదవకుండా స్టార్ పెట్టినవి మాత్రమే చదివి, స్టార్ పెట్టినవాటిల్లో కూడా ట్యూషన్ మాస్టారు ఇవి రావులేరా అన్నవి వదిలేసి పాసైపోయిన జాతి మనది. ఆ మాస్టార్ని నేనే. సత్యనారాయణపురంలో ముప్పై ఏళ్ళు ట్యూషన్లు చెప్పా. కాబట్టి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ని గైడ్ పెట్టుకుని ఎలా నేర్చుకోవాలి అనే దాని మీద మాట్లాడే అర్హత ఈ ఊళ్ళో నాకున్నంత ఇంకెవరికీ లేదు, కాదనేవాళ్ళు ముందు నా బ్యాచ్‌ల రిజల్ట్స్ చూసి రండి.

మా ఇంట్లో ల్యాప్‌టాప్ విండోస్ 10 ది. దానికి 2025 అక్టోబర్ 14 తో సపోర్ట్ అయిపోయింది, పోనీ 11 కి వెళ్దామంటే టీపీఎం 2.0 అని ఏదో సెక్యూరిటీ చిప్పు కావాలంట, మా పాతదాంట్లో అది లేదు. నా స్టూడెంటే ఒకడు కంప్యూటర్లు బాగుచేస్తుంటాడు, "కొత్తది కొనకండి మాస్టారూ, విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తా, ఫ్రీ" అని వేసిచ్చాడు. దీనికి గైడ్ ఏది తీసుకోమంటావురా అంటే "గైడ్ దేనికండీ, వాడుతుంటే అదే వస్తది" అన్నాడు. టెన్త్ లెక్కలప్పుడు కూడా వీడు ఇదే మాటన్నాడు. వచ్చినవి 37.

నేను ఊరుకుంటానా, సాయంత్రానికల్లా ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర వాలిపోయా. దిండంత గైడ్ ఒకటి దొరికింది, 120 అన్నాడు, 70 కి తెచ్చా. వెనక అట్టకి లోపల ఒక సీడీ కూడా ఉంది, మా ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదనుకోండి, అది వేరే సంగతి, సీడీ ఉందంటే సమగ్రమైన గ్రంథం అని అర్థం. ఇంటికొచ్చి బ్రౌన్ పేపర్ అట్ట వేసి, లేబుల్ అతికించి, స్కేలూ ఎర్ర పెన్నూ పట్టుకుని కూర్చున్నా. నెల రోజులు ల్యాప్‌టాప్ మూత తియ్యలేదు. సిలబస్ అవకుండా ఎవడన్నా పరీక్ష హాల్లోకి వెళ్తాడా?

నెల తిరిగేసరికి నన్ను ఎక్కడ అడిగినా చెప్తా. ఉబుంటుకి గుండెకాయలాంటి ప్రోగ్రామ్ లినక్స్ కెర్నల్, దాని సంగతి ప్రకటించిందెవరు? లినస్ టోర్వాల్డ్స్. ఎప్పుడు? 1991 ఆగస్టు 25. అప్పుడతని వయసు? 21, హెల్సింకిలో స్టూడెంట్. ఉబుంటు మొదటి రిలీజ్? 2004 అక్టోబర్, అందుకే దాని నంబర్ 4.10, ముందు ఏడాది తర్వాత నెల. ప్రతి రిలీజ్‌కీ ఒక జంతువు పేరు, దాని ముందు అదే అక్షరంతో ఒక విశేషణం, జామీ జెల్లీఫిష్, నోబుల్ నంబాట్ అని, అంటే మన వృత్త్యనుప్రాస అన్నమాట, ఎక్కడో చెదలు తినే ఆస్ట్రేలియా జంతువుకి ఇంత అలంకార గౌరవం ఇచ్చిన సిస్టమ్ మీద నాకు సహజంగానే గౌరవం కలిగింది.

ఆ నంబర్ల లెక్క వంటబట్టాకే ఒక డౌటొచ్చి అట్ట ఊడదీసి చూశా. గైడ్ 10.04 ది. అంటే 2010 ఏప్రిల్. మావాడు వేసింది 24.04. ఈ గైడ్ నాకు నేర్పిన మొదటి పనికొచ్చే విషయం ఏంటంటే ఈ గైడ్ పనికిరాదని. అయినా వదల్లేదు, 70 రూపాయలు పెట్టా, సగం పేజీలు అండర్‌లైన్ అయిపోయినయ్, సిలబస్ మారినా బేసిక్స్ మారవని ముప్పై ఏళ్ళుగా చెప్పిన నోరు ఇది.

మూత తీశాను. పైన అప్లికేషన్స్, ప్లేసెస్, సిస్టమ్ అని మూడు మెనూలు ఉండాలి. లేవు. కిటికీ మూసే బటన్ ఎడమ పక్క ఉండాలి, పేజీ నంబర్తో సహా చెప్తా. కుడి పక్క ఉంది. వెంటనే ఫోన్ చేసి ఏరా తప్పు సిస్టమ్ వేశావేంట్రా అంటే వాడు నవ్వుతున్నాడు. విషయం ఏంటంటే 10.04 లో ఆ బటన్లని ఎడమకి జరిపారంట, జనం గోల చేసినా వినలేదంట, మళ్ళీ 2017 లో 17.10 వచ్చినప్పుడు కుడికి తెచ్చారంట. ఏడేళ్ళు. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి జరపడానికి కూడా అంత పట్టలేదు.

వైఫై కనెక్ట్ చేద్దామని చాప్టర్ తీస్తే దానికి ముందు డయలప్ మోడెమ్, అంటే ఫోన్ లైన్ మీద నడిచే పాతకాలం ఇంటర్నెట్ డబ్బా మీద పద్దెనిమిది పేజీలున్నయ్. వరుస తప్పడం నాకు ఇష్టం లేదు, డయలప్ చదువుతున్నా. ఈలోపు మా ఆవిడ వచ్చి పైన కుడి మూల నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, సీరియల్ పెట్టుకుంది. ఎలా చేశావంటే "వైఫై గుర్తు కనపడింది, నొక్కా" అంది. దీన్ని నేర్చుకోవడం అనరు. గుడ్డి దెబ్బ అంటారు.

నేను మాత్రం పద్ధతిగా టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, ఆ చాప్టర్ దగ్గరికి వెళ్ళా, స్టార్ పెట్టిన చాప్టర్ అది. సుడో అంటే అడ్మినిస్ట్రేటర్ హోదాలో పని చేయించే మాట, దాన్ని ముందు పెట్టి ఒక కమాండ్ కొడితే పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే ఒక్క చుక్క కూడా పడట్లా తెర మీద, కీబోర్డ్ పోయిందనుకుని మూడుసార్లు తిరగేసి దులిపా, నిన్నటి చేగోడీ ముక్కలు రాలినయ్ గానీ అక్షరాలు రాలా. అక్కడ పాస్‌వర్డ్ కనపడకపోవడమే పద్ధతంట. సరే గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కితే నువ్వు సుడో జాబితాలో లేవు, ఈ సంఘటనని అడ్మినిస్ట్రేటర్‌కి రిపోర్ట్ చేశాం అని ఇంగ్లీషులో వచ్చింది. ముప్పై ఏళ్ళల్లో నా మీద ఒక్క కంప్లైంట్ లేదు. రెండు రోజులు గేటు చప్పుడైతే లేచి చూశా. తర్వాత తెలిసింది, ఆ అడ్మినిస్ట్రేటర్ మా 37 మార్కుల వాడేనని, అకౌంట్ వాడి పేరు మీద పెట్టుకుని నాకు మామూలుది ఇచ్చాడని. వాడి దగ్గర పర్మిషన్ తీసుకుని నేను చదువుకోవాలి. దేవుడున్నాడు, ఎటువైపో తెలియట్లా.

ఇంక స్ట్రిక్టు అంటారా, నన్ను మించింది. పెద్ద డీతో ఉన్న డాక్యుమెంట్స్‌ని చిన్న డీతో కొడితే అలాంటిదేదీ లేదు పొమ్మంది. నేను ఒత్తు తప్పితే అర మార్కు కోస్తా అంతే, అసలు పిల్లాడే పుట్టలేదు అనను.

అన్నిటికన్నా ఘోరం, గైడ్ దాని లోపలే ఉంది. మ్యాన్, అంటే మాన్యువల్‌కి పొట్టి పేరు, అది కొట్టి పక్కన కమాండ్ పేరు కొడితే ఆ కమాండ్ గురించి పుంఖానుపుంఖాలుగా వస్తది. వచ్చింది, నాలుగు పేజీలు చదివా, బయటికెలా రావాలో తెలియలా. ఎస్కేప్ నొక్కా, ఎంటర్ నొక్కా, చివరికి బ్యాటరీ అయిపోయేదాకా కూర్చున్నా. బయటికి రావాలంటే క్యూ నొక్కమని కింద గీత మీద రాసే ఉందంట. క్వశ్చన్ పేపర్ కింద దాకా చదవండ్రా అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి ఈ విషయం ఇంట్లో చెప్పలేదు.

నా డిమాండ్ ఒకటే. ఆరు నెలలకో రిలీజ్ ఇస్తున్నవాళ్ళు, ఆరు నెలలకో పరీక్ష కూడా పెట్టాలి. ప్రీవియస్ పేపర్లు ఇవ్వాలి, ఐదు చాప్టర్లలో మూడు చాయిస్‌లో వదిలేసే వీలుండాలి. పరీక్షే లేని సబ్జెక్టుని మనిషి ఎందుకు చదవాలి, ఊరికే వాడుకోడానికా?

మొన్న ఆదివారం ఆ గైడ్ పట్టుకుని మళ్ళీ లెనిన్ సెంటర్‌కి వెళ్ళా. 20 ఇస్తానన్నాడు, ఎర్ర గీతలున్నాయంట. గీతలకే ఎక్కువివ్వాలయ్యా, ఇంపార్టెంట్‌వి అన్నీ గుర్తుపెట్టి ఉన్నయ్ అన్నా. అయితే మార్చుకోండి మాస్టారూ, లేటెస్ట్ వచ్చిందని 16.04 గైడ్ తీశాడు. తిరగేశాను. బొమ్మలో బటన్లు ఎడమ పక్కే ఉన్నాయి. పైన 60 అడిగాడు, 50 ఇచ్చి తెచ్చా. అట్ట వేస్తున్నా.