కారణం వెతికేవారిపై ఒక ఫిర్యాదు

నల్లగొండ పట్టణంలో ఈమధ్య ఒక అవాంఛనీయమైన పోకడ తలెత్తింది. గ్రాఫిక్స్ కార్డు మొరాయించి తెర నల్లబడినప్పుడు, పెద్దలు చూపిన బాటలో మరో లినక్స్ డిస్ట్రో (విండోస్‌కు బదులుగా వాడే లినక్స్‌లో ఒక రకం) ఎక్కించుకోవడానికి బదులు, కొందరు కుర్రాళ్లు అది ఎందుకు నల్లబడిందో తెలుసుకోవడానికి పూనుకుంటున్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయి, విండోస్ 11కు అర్హత లేదని తేలిన పాత సీపీయూలు ఒక్కొక్కటిగా లినక్స్ వైపు మళ్లుతున్న ఈ తరుణంలో దీన్ని మొగ్గలోనే తుంచకపోతే, రామగిరి నుంచి పానగల్లు దాకా అద్దెగదుల్లో రాత్రి రెండింటి వరకు సాగే చర్చలు మూగబోయే ప్రమాదం ఉన్నది.

మన సంప్రదాయం ఎంత సరళమైనదో ముందు చెప్పాలి. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టగానే తెర నల్లగా నిలబడుతుంది. వెంటనే పక్క గది నుంచి అనుభవజ్ఞుడు పెన్‌డ్రైవ్‌తో దిగుతాడు. “అన్నా, ఉబుంటు బేకార్. మింట్ ఎక్కియ్యి, మంచిగైతది” అంటాడు. మింట్‌ను ఉబుంటు మీద కట్టారు, ఉబుంటును 1993లో మొదలైన డెబియన్ మీద కట్టారు. ఫెడోరాకు, ఆర్చ్‌కు వలస వెళ్లినా అక్కడ కూడా ఎదురయ్యేది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెలే (లినక్స్ గుండెకాయ), కార్డును నడపడానికి ఆ కార్డు కంపెనీ ఇచ్చిన డ్రైవరే. వెర్షన్ అంకె అటూ ఇటూ కావచ్చునేమో గాని, మూలం మాత్రం ఒక్కటే. కాబట్టి డిస్ట్రో మార్చితే లోపం పోదని విమర్శకులు ఎత్తిపొడుస్తారు. పోకపోవడమే దీని గొప్పతనమని వారికి తట్టదు. లోపం పోతే రేపు రాత్రి ఏం చేయాలి?

శాసనసభ్యుడు కండువా మార్చాలంటే రాజ్యాంగం పదో షెడ్యూలు అడ్డం వస్తుంది. 1985లో 52వ సవరణతో వచ్చిన ఆ చట్టం ప్రకారం, విలీనం అనిపించుకోవాలంటే శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది కలిసి కదలాలి, తరువాత స్పీకరు తేల్చేదాకా వేచి చూడాలి. కంప్యూటరుకు ఇలాంటి ఆటంకాలేవీ లేవు. ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్ ఒకటి, ‘ఎరేజ్ డిస్క్’ అన్న చోట టిక్కు పెట్టే తెగువ ఒకటి ఉంటే చాలు. అక్క పెండ్లి ఫొటోలు ఆ డిస్కులోనే ఉన్నాయన్న సంగతి తరువాత, తీరిగ్గా గుర్తుకు వస్తుంది.

ఈ వైద్యం పనిచేయదనేవారు రామగిరిలోని ఒక గదికి వచ్చి చూడాలి. డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రాడు మింట్ పెన్‌డ్రైవ్ పెట్టి మామూలుగా బూట్ చేస్తే తెర రాలేదు. మెనూలో కింద ఉన్న ‘కంపాటిబిలిటీ మోడ్’ నొక్కితే వచ్చింది. “సూషినవా అన్నా, నేన్ జెప్పలే? మింట్ అంటే మింటే!” అని గదంతా మారుమోగింది. ఆ మోడ్ కెర్నెల్‌కు ‘నోమోడ్‌సెట్’ అనే మాట అందిస్తుంది; అంటే కార్డు డ్రైవరును పక్కన కూర్చోబెట్టి, బొమ్మ గీసే చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తిన పెడుతుంది. అందుకే ఐకాన్లు లావుగా ఉన్నాయి, వీడియో ఆగి ఆగి నడుస్తున్నది, మౌసు బాణం తన వెనుక తానే ఈడ్చుకుంటూ పోతున్నది. అయినా తెర వచ్చింది కదా! ఇన్‌స్టాల్ అయిపోయి, పెన్‌డ్రైవ్ తీసి, తిరిగి ఆన్ చేసేదాకా గదిలో పండుగ వాతావరణమే. ఆ తరువాత మళ్లీ నలుపు. “మింట్ గూడ బేకారే” అన్న తీర్పు. ఫెడోరా డౌన్‌లోడ్ మొదలు. ఇంత ఉత్సాహాన్ని ఏ మరమ్మతు ఇవ్వగలదు?

ఇక కారణం వెతికేవాడిని చూడండి. తెర నల్లబడితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరకు పోతాడు. ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ అని కొట్టి, ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరుసలో బయటివారు రాసిన నూవో డ్రైవరు ఉందా, కార్డు కంపెనీ ఎన్విడియా సొంత డ్రైవరు ఉందా, అసలు ఆ వరుసే లేదా అని చూస్తాడు. కొత్త కెర్నెల్ వచ్చింది గాని దాని హెడర్లు (డ్రైవరును ఆ కెర్నెల్‌కు సరిపడేలా కట్టడానికి కావలసిన ఫైళ్లు) రాలేదని, అందుకే ఆ కట్టే పని చూసే డీకేఎంఎస్ డ్రైవరును కట్టలేకపోయిందని గ్రహించి, ఆ హెడర్ల ప్యాకేజీ ఎక్కించి, పావుగంటలో పని ముగించి పడుకుంటాడు. ఇందులో తోటివాడికి పాత్ర ఎక్కడున్నది? వాదన ఎక్కడున్నది? ఇంకొకడైతే మరీ ఘోరం: సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మెషీన్లో డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో పది సెకన్లపాటు వచ్చే నీలం తెరను, అందరిలా వైరస్ అనుకొని దాటేయకుండా, ఆగి చదివి, ‘ఎన్‌రోల్ మోక్’ (డ్రైవరు సంతకపు తాళంచెవిని మెషీన్ ఒప్పుకునే మాట) నొక్కి, తాను పెట్టుకున్న పాస్‌వర్డ్ తానే గుర్తుంచుకొని కొట్టాడట.

న్యాయంగా చెప్పాలంటే, మన సంప్రదాయం ఇంతగా వర్ధిల్లడంలో కార్డు కంపెనీల చేయి కూడా ఉన్నది. ఎన్విడియా తన డ్రైవర్ కోడు చాలాకాలం మూసి ఉంచబట్టే, నూవో రాసినవారు కార్డు నడతను బయటి నుంచి గమనిస్తూ గుడ్డిగా తడుముకోవలసి వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో టోర్వాల్డ్స్ ఆ కంపెనీకి మధ్యవేలు చూపించింది కూడా ఇటువంటి కడుపుమంటతోనే. కాని 2022 మే నెలలో ఆ కంపెనీ కెర్నెల్ మాడ్యూళ్ల కోడు బయటపెట్టి మనకు కొంత నష్టం చేసింది. ఏఎండీ అయితే మరీ అన్యాయం. దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉండి చాలా కార్డులను అడగకుండానే నడిపిస్తున్నది. మన ఆశలన్నీ ఇప్పుడు పాత సరుకు మీదనే. ఎన్విడియా పాత కెప్లర్ తరం కార్డులకు 470 వరుస డ్రైవరే చివరిది కాబట్టి, అంతకు మించినది వేసినవాడికి ఏ డిస్ట్రోలోనైనా నిరాశ ఖాయం.

వాతావరణం కూడా మన పక్షమే. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో, రేకుల గదిలో, ఫ్యాను రెక్కల మధ్య మూడేండ్ల దుమ్ము పేరుకొని, థర్మల్ పేస్టు ఎండి పెళుసుబారిన కార్డు గేమ్ మధ్యలో ఆగిపోవడం సహజం. దానికి బ్రష్షు పట్టుకొని కూర్చోవడం కంటే ఆర్చ్ ఎక్కించుకోవడం ఎంతో గౌరవప్రదం.

అందువల్ల మా విన్నపం ఒక్కటే: కనీసం రెండు డిస్ట్రోలు మారేదాకా ఏ గదిలోనూ లాగ్ (కంప్యూటరు రాసుకునే లోపాల చిట్టా) తెరవరాదని విద్యార్థులు తమలో తాము తీర్మానించుకోవాలి. ఎందుకంటే క్లాక్ టవర్ దగ్గరి ఒక గదిలో ఇటీవల జరిగింది మరెక్కడా జరగకూడదు. గేమ్ నత్తనడక నడుస్తున్నదని అక్కడ నెల రోజులుగా డిస్ట్రో మీద డిస్ట్రో మారుతున్నది. ఒక్కో మార్పుకు ఒక్కో రాత్రి, రాత్రికి రెండు మూడు ఫ్లాస్కుల టీ. ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకడు సీపీయూ వెనక్కి వంగి మానిటరు కేబుల్ చూసి, “కేబుల్ మదర్‌బోర్డుకు వెట్టిన్రు గదనే, కార్డుకు వెట్టాలె” అని, తీసి కింద ఉన్న పోర్టులో గుచ్చాడు. గేమ్ జింకలా పరుగెత్తింది. వాడిని ఎవరూ ఏమీ అనలేదు గాని, పొద్దున తొలి బస్సు ఎన్నింటికని మాత్రం ముగ్గురు వేర్వేరుగా అడిగారట.