ఒక్కడే లష్కరు

నాగార్జునసాగర్ ఆయకట్టులో పెరిగినవాళ్లకి లష్కరంటే ఎవరో చెప్పక్కర్లేదు. చేతికర్రతో, టార్చిలైటుతో కాలువగట్టు వెంట తిరిగే మనిషి. తూము షట్టరు ఎత్తేదీ దించేదీ అతనే. వంతు ప్రకారం నీళ్లు వదలాలి, రాత్రిపూట ఎవరైనా గట్టుకు గండి కొడితే పైవాళ్లకి కబురు పెట్టాలి, పై ఊరివాళ్ల తిట్లూ కింది ఊరివాళ్ల తిట్లూ తనే పడాలి. ఫారసీలో లష్కర్ అంటే సైన్యం. దండు విడిసిన చోటు కాబట్టే సికింద్రాబాద్‌ని పాతకాలంవాళ్లు లష్కర్ అన్నారు, ఉజ్జయిని మహంకాళి జాతరని ఇప్పటికీ లష్కర్ బోనాలు అంటాం. అక్కడ ఊరంత దండు. గట్టు మీద మాత్రం ఒక్క మనిషి, అతనికీ అదే పేరు.

మన ఆఫీసుల్లో ఇలాంటి మాజీ సైనిక మాటలు ఇంకా ఉన్నాయి. కలెక్టరు గది బయట తెల్లబట్టలు, ఎర్రపట్టీ వేసుకుని నిలబడే దఫేదారుది అసలు గుర్రపుదళం హోదా. గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినా, ఆ రెజిమెంట్లలో హవల్దారుని ఈనాటికీ దఫేదారనే పిలుస్తారు. జమేదారు ఒకప్పుడు సిపాయిల మీద అధికారి. ఆ పేరు ఉత్తరాదిన ఊడ్చేవాళ్లకి స్థిరపడింది, సైన్యమేమో 1965లో ఆ హోదాని నాయబ్ సుబేదారుగా మార్చుకుంది. ఫలానావారి తైనాతీ అని మనం కాస్త ఎకసెక్కంగా అంటాం కదా, ఒక పని మీద కేటాయించి పంపిన మనుషులకి వాడిన మాట అది. ఇక సిబ్బంది! శిస్తు వసూళ్లకీ ఠాణాల కాపలాకీ జీతానికి పెట్టుకున్న బలగాన్ని ఒకప్పుడు అలా పిలిచేవాళ్లు, ఈస్టిండియా కంపెనీ దొరలు దాన్నే సెబండీ అని రాసుకున్నారు. ఇప్పుడు బ్యాంకు సిబ్బంది, ఆసుపత్రి సిబ్బంది. శిస్తుకొచ్చిన సిబ్బందిని చూసి మన ముత్తాతలు తలుపులేసుకునేవాళ్లేమో, మనం కౌంటరు దగ్గర వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాం.

ఈ వరసలో మన పేరు కూడా ఉంది. 1756 చివర్లో కంపెనీ సేనాని క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకి సిపాయిల్ని వెంటబెట్టుకెళ్లాడు. కంపెనీ కవాతు నేర్చిన సిపాయిలు మొదట దక్షిణాది నుంచి, తెలుగు సీమ నుంచి వచ్చారు కాబట్టి ఉత్తరాదిన అలాంటి సిపాయిలందరికీ తిలంగాలనే పేరు పడింది. 1857 నాటికి ఢిల్లీలో తిరగబడిన అవధ్, బీహార్ సిపాయిల్ని కూడా ఉర్దూలో తిలంగాలనే రాశారు. వాళ్లకి తెలుగు ఒక్క ముక్క రాదు. పరాయి ఊళ్లో మనవాళ్ల పేరే ఒక ఉద్యోగం పేరైందన్నమాట. ఐటీవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

ఇదంతా ఎందుకు ఎత్తానంటే, సంక్రాంతి సంబరాలకి మన సంఘం వేసిన కమిటీల జాబితా చూశాను. భద్రతా దళం, స్వాగత దళం, భోజన దళం. రాసినవాళ్ల ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ ఎనభైల్లో, తొంభైల్లో కరీంనగర్, వరంగల్ పల్లెల్లో పెరిగినవాళ్లని అడగండి, దళం అంటే ఏమిటో. "రాత్రి దళమొచ్చిందట" అని నక్సలైట్ల గురించి గుసగుసగా చెప్పుకునేవాళ్లు. ఆ రాత్రి అన్నం పెట్టినవాళ్లకి పొద్దున పోలీసుల భయం. వాళ్లకి భోజన దళం అంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది.

మాట కంటే నాకు అసలు ఇబ్బంది వేరే ఉంది. 2022 జనవరిలో మన రైల్వే, గార్డు అనే హోదాని ట్రైన్ మేనేజర్‌గా మార్చింది. పని అదే, పచ్చజెండా అదే. గార్డు అంటే ఏదో గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి అనుకుంటున్నారని ఉద్యోగులు చాలాకాలంగా బాధపడ్డారు. వాళ్ల బాధ నాకర్థమవుతుంది. అయితే గేటు దగ్గర మనిషి సంగతేంటి? అతన్ని మనం ఎలా చూస్తామో అందరికీ తెలుసు కాబట్టే కదా ఆ మాట వదిలించుకోవాల్సొచ్చింది. మన దళాలదీ అదే కథ. వాలంటీరు అంటే చిన్నతనంగా ఉందని దళం అన్నారు. పార్కింగ్‌లో పిల్లలు మాత్రం పోయిన జనవరిలాగే ఆరెంజి జాకెట్లు వేసుకుని చలిలో నిలబడతారు. సభ అయ్యేదాకా అక్కడే ఉండి, లోపలికొచ్చేసరికి గారెలు అయిపోయి అడుగున మిగిలిన చల్లటి పులిహోర తింటారు. వేదిక మీద మందీమార్బలంతో వచ్చిన ముఖ్య అతిథికి శాలువా, జ్ఞాపిక. బయట నిలబడ్డవాళ్ల పేర్లు ఎవరూ చదవరు.

కార్యవర్గానికి నా సూచన ఇది. దళాలు తీసేసి వాలంటీర్లు అనే వేయండి, సిబ్బంది అన్నా పర్వాలేదు. పార్కింగ్‌లో గంటకోసారి మనుషుల్ని మార్చండి, వాళ్ల భోజనాలు ముందే తీసి వేడిగా ఉంచండి. డ్యూటీ చార్టులో మొదటి గంట అధ్యక్షుల వారికీ, రెండో గంట కోశాధికారి గారికీ వేయండి.