క్యారెక్టర్ ఉన్న గది కావలెను

మా వైపు క్యారెక్టర్ గురించి ఆరా తీసే సందర్భాలు రెండే. ఒకటి పెళ్లి సంబంధం, రెండోది ఇల్లు అద్దెకివ్వడం. ఆ రెండోదాంట్లో కూడా ఆరా తీసేది దిగబోయే మనిషి గురించే. ఇంటి క్యారెక్టర్ ఎలాంటిదని ఎవరూ అడగరు. ఇల్లు తాగొచ్చి గొడవ చేయదు, చీటీ పాడుకుని పారిపోదు. ఇక దాని క్యారెక్టర్‌తో ఎవరికి పని?

పని ఉందని పోయిన ఏప్రిల్‌లో మా బావమరిది చెప్పాడు. అమ్మా నాన్నా ఆరు నెలలు ఉందామని వచ్చారు. వాళ్లని తీసుకుని అరిజోనా, యూటా వైపు కార్లో ఒక వారం తిరిగొద్దామని అనుకున్నాం. మేం ఉండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో కాబట్టి అవన్నీ మాకు పెరటి చెట్లే. నేను ఫోన్ తీసి, దారిలో తగిలే మామూలు హోటళ్లు, పొద్దున ఉచితంగా వాఫుల్ పెట్టేవి, బుక్ చేయబోయాను. శాన్ హోసే నుంచి వచ్చిన బావమరిది నా చెయ్యి పట్టుకున్నాడు.

"చెయిన్ హోటళ్లు వద్దు బావా. వాటికి క్యారెక్టర్ ఉండదు."

ఆ రాత్రే ఒక ఎక్సెల్ షీట్ తయారైంది. అందులో ధర, దూరం, పార్కింగ్ లాంటి అల్పమైన విషయాలకి కూడా చోటిచ్చాడు గానీ, అసలు కాలమ్ చివరిది: క్యారెక్టర్, పదికి. లెక్క కట్టే పద్ధతి నాకు ఓపిగ్గా వివరించాడు. లిఫ్ట్ లేకపోతే ఒక మార్కు. టీవీ లేకపోతే ఒకటి. కార్డు బదులు ఇత్తడి తాళంచెవి ఇస్తే ఒకటి. నడిస్తే నేల కిర్రుమంటే ఒకటి. దెయ్యం ఉంటే రెండు. బాత్‌రూమ్ గదిలో కాకుండా బయటెక్కడో ఉంటే ఏకంగా మూడు. ఇలా ఇంకా కొన్ని. నేను మనసులోనే లెక్కేసి చూశాను. ఈ పద్ధతిలో దర్శి దగ్గర మా అమ్మమ్మ ఇంటికి పదికి పదకొండు వచ్చేవి. బావిలో పడి చచ్చిపోయిన ఒక దూరపు చుట్టం కూడా ఉంది, దెయ్యం కోటాలో.

అన్నీ ఇలాంటివే అంటే అన్యాయం. విన్స్‌లోలో లా పొసాడా అని ఒక పాత రైల్వే హోటల్ ఉంది. గదులు దొరకలేదు, లోపల తిరిగి చూసి వచ్చాం. మేరీ కోల్టర్ అనే ఆర్కిటెక్ట్ కట్టింది, 1930లో తెరిచారు, అంటే న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలిన మరుసటి సంవత్సరం. 1957లో మూతపడింది. చాలాకాలం రైల్వే ఆఫీసులుగా వాడారు. 1997లో ఒక కుటుంబం కొని మళ్లీ బతికించింది. బాగుంది, కాదనను. అయితే నాకు నచ్చిన సంగతి వేరే. కోల్టర్ ముందుగా ఒక కథ అల్లుకుందట: ఎవరో స్పానిష్ జమీందారు, తరతరాలుగా ఆ కుటుంబం ఉంటున్న దివాణం. ఆ కథకి తగ్గట్టు హోటల్ డిజైన్ చేసింది. అలాంటి జమీందారు ఎవరూ లేడు. అంటే క్యారెక్టర్‌కి ముందు స్క్రిప్ట్ రాసుకుని, సెట్ తర్వాత వేసిందన్నమాట. మా బావమరిది అవాక్కయి నిలబడ్డాడు. "చరిత్ర ఉట్టిపడుతోంది బావా" అన్నాడు.

మర్నాడు రాత్రి హోల్‌బ్రూక్‌లో, విగ్‌వామ్ మోటెల్‌లో. రూట్ 66 అనే పాత హైవే తెలిసిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తెలియని వాళ్లకి: సిమెంటుతో కట్టిన పదిహేను టీపీలు, అంటే శంకువు ఆకారపు గుడారాలు, ఒక్కోటీ ఒక్కో గది, ముందు పాత కార్లు. ఫ్రాంక్ రెడ్‌ఫోర్డ్ అనే ఆయన కెంటకీలో మొదలుపెట్టిన డిజైన్ ఇది. దాన్ని చూసి ముచ్చటపడిన చెస్టర్ లూయిస్ 1950లో హోల్‌బ్రూక్‌లో కట్టాడు. రెడ్‌ఫోర్డ్‌కి రాయల్టీ ఎలా ఇచ్చాడో వినండి. గదుల్లో పది సెంట్ల బిళ్ల వేస్తే అరగంట పాడే రేడియోలు పెట్టి, ఆ బిళ్లలన్నీ ఆయనకి పంపాడు. ఇంత సరదా అయిన వ్యాపార ఒప్పందం నేను ఇంకోటి వినలేదు.

గది శుభ్రంగా ఉంది, ఏసీ చక్కగా పనిచేసింది, బాత్‌రూమ్ లోపలే ఉంది. బావమరిది కాస్త డీలా పడ్డాడు. అసలు ఇబ్బంది నాన్నకి వచ్చింది. ఆయన రిటైరైన పంచాయతీరాజ్ ఇంజనీరు, వాస్తు ఆయన రెండో సర్వీసు. లోపలికి రాగానే ఫోన్‌లో దిక్సూచి తెరిచి గది మధ్యలో నిలబడ్డారు. ఒకసారి తిరిగారు. ఇంకోసారి తిరిగారు. కాసేపటికి మా చిన్నాడు కూడా ఆయన వెనక తిరగడం మొదలుపెట్టాడు, ఆట అనుకుని.

"ఈశాన్య మూల ఎక్కడుంది?"

"మామయ్యగారూ, ఇది కోన్. దీనికి మూలలు ఉండవు."

"మూల లేకపోతే ఈశాన్యం ఎలా వస్తుంది?"

"1950లో కట్టిందండీ ఇది!"

"ఎప్పుడు కట్టారని కాదు బాబూ, ఎటు కట్టారని అడుగుతున్నా."

మంచం తల దక్షిణానికి లేదని దిండ్లు కాళ్ల వైపు మార్పించారు. నైరుతిలో బరువుండాలని ఇరవై మూడేసి కేజీల సూట్‌కేసులు రెండూ అటు నెట్టించారు. ఆ గోడ ఏటవాలుగా ఉండటంతో సూట్‌కేస్ నిటారుగా నిలబడక, ప్రతి పది నిమిషాలకీ దబ్బుమని పడుతోంది. పడినప్పుడల్లా బావమరిది లేచి నిలబెడుతున్నాడు. చివరికి విసిగిపోయి, "మామయ్యగారూ, అరిజోనా మొత్తం అమెరికాకి నైరుతేనండీ, ఎక్కడ పెట్టినా ఒకటే" అన్నాడు.

నాన్న మొహం వెలిగిపోయింది. "అదీ సంగతి! అందుకే ఇన్ని కొండలు. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. ఈ దేశం ఊరికే బాగుపడలేదు." కాసేపు పడుకుని, మళ్లీ లేచి కూర్చున్నారు. "మరి ఎల్లుండి మనం చూడబోయే ఆ గొయ్యి ఎంత లోతన్నారు?"

"గ్రాండ్ కాన్యనా? ఒక మైలు."

"పొడవు?"

"277 మైళ్లు."

చీకట్లో చాలాసేపు మాట లేదు. "నైరుతిలో గొయ్యి," అన్నారు చివరికి, ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసినట్టు. "అంత గొయ్యి. అందుకే ఈ అప్పులు."

నిద్ర పట్టక నేను పేరు గురించి ఆలోచించాను. శంకువులా పైకి మొనదేలి ఉండేది టీపీ, అది మధ్య మైదానాల తెగలది. విగ్‌వామ్ అంటే గుమ్మటంలా ఉండే గుడిసె, అది అమెరికా ఈశాన్యంలోని తెగలది. గదిలో దొరకని ఈశాన్యం బోర్డు మీద ఉందన్నమాట. టీపీ అనే మాట రెడ్‌ఫోర్డ్‌కి నచ్చలేదు, విగ్‌వామ్ అని పెట్టేశాడు, అంతే. హోల్‌బ్రూక్‌కి దగ్గర్లో ఉండేది నవాహోలు. వాళ్లు టీపీలోనూ ఉండలేదు, విగ్‌వామ్‌లోనూ ఉండలేదు, వాళ్లది హోగన్ అనే కలప, మట్టి ఇల్లు. మన అరకులో సిమెంటు ఇగ్లూ కట్టి దానికి హౌస్‌బోట్ అని పేరు పెట్టినట్టు. హోగన్‌కి ద్వారం ఎప్పుడూ తూర్పుకే పెడతారని పొద్దున చెబితే నాన్న కాఫీ కప్పు కింద పెట్టి, "వీళ్లతో మాట్లాడొచ్చురా" అన్నారు.

ఆ రోజు బస మాన్యుమెంట్ వ్యాలీ వైపు, ఒక టెంటు. బావమరిది షీట్‌లో దీనికి తొమ్మిదిన్నర. రాత్రికి 380 డాలర్లు, శుభ్రం చేసినందుకు మరో 60. శుభ్రం చేయడానికి అక్కడేముందో నాకు ఇప్పటికీ తెలీదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నీళ్లు అయిదు గ్యాలన్ల ప్లాస్టిక్ క్యాన్‌లో, కింద చిన్న కుళాయి. కాస్త దూరంలో తడికె చాటున ఒక బకెట్టు, పక్కనే రంపపు పొట్టు, పని కాగానే పైన చల్లడానికి. మంచం మీద మందపాటి కార్డు, అందమైన అక్షరాల్లో: సౌకర్యాలకి దూరంగా, మీకు దగ్గరగా. కింద ఇంకో లైను: ప్రతి నీటి చుక్కనీ ఆస్వాదించండి.

అమ్మ ఆ కార్డు చదివించుకుని విని, ఏమీ అనలేదు. క్యాన్‌ని ఒకసారి ఎత్తి చూసి బరువు అంచనా వేసింది. తాగడానికి ఒక సీసా, పళ్లు తోముకోవడానికి ఇంత, పిల్లల మొహాలకి ఇంత, కడిగిన నీళ్లు పారబోయొద్దు బకెట్టు దగ్గరికి పనికొస్తాయి. పది నిమిషాల్లో ఏడుగురికి నీళ్లు పంచేసింది. మార్కాపురం పక్క పల్లెలో పుట్టి, టాంకర్ ఎప్పుడొస్తుందో తెలియక వరసలో బిందె పెట్టి దాని పక్కనే అన్నం తిన్న మనిషి. కొడుకుని చదివించి ఎడారి దేశానికి పంపితే, వాడు 440 డాలర్లు కట్టి ఆమెని మళ్లీ ఆ వరసలోకే తీసుకొచ్చాడు. బావమరిది చుక్కల్ని ఫొటో తీస్తున్నాడు.

పొద్దున కయెంటా అనే ఊళ్లో పెట్రోల్ కోసం ఆగాం. పక్కన ఒక పికప్ ట్రక్కు, వెనక పెద్ద తెల్ల ప్లాస్టిక్ టాంకు, దాన్ని తాళ్లతో కట్టి ఉంది. ఒక పెద్దావిడ, అమ్మ వయసే ఉంటుంది, పైపు పట్టుకుని టాంకు నింపుతోంది. నిండాక పైపుని గాల్లోకి ఎత్తింది, లోపల మిగిలిన నీళ్లు కూడా టాంకులోకి జారేదాకా అలాగే పట్టుకుంది. అమ్మ కారు అద్దం దించి అదే చూస్తోంది.

"ఇక్కడ కూడానా?" అంది.

ఇక్కడ కూడానే. ఆ చుట్టుపక్కలంతా నవాహోల సొంత ప్రభుత్వం ఉన్న నవాహో నేషన్. అందులో ఇంచుమించు మూడో వంతు ఇళ్లకి కుళాయి లేదు. మైళ్ల దూరం బండేసుకుని వెళ్లి నీళ్లు తెచ్చుకుంటారు. దగ్గర్లో ఉన్న బావుల్లో కొన్ని తాగితే ఒంట్లోకి యురేనియం పోతుంది, ఎందుకంటే 1944 నుంచి 1986 దాకా అక్కడ యురేనియం తవ్వి, 500కి పైగా గనుల్ని వదిలేసి పోయారు. నీళ్ల లెక్క తేల్చమని ఆ తెగ కోర్టుకెళ్తే, వాళ్లకి నీళ్లు అందేలా చూసే బాధ్యత 1868లో ఆ తెగతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అమెరికా ప్రభుత్వానికి లేదని 2023లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. ఆ నేల మీద బొగ్గు తవ్వారు. ఆ బొగ్గుతో పేజ్ ఊరి దగ్గర కరెంటు తీశారు. ఆ కరెంటుతో కొలరాడో నది నీళ్లని తోడి, 336 మైళ్ల కాలవలో ఫీనిక్స్, టూసాన్ల దాకా ఎత్తిపోశారు. 2019లో ఆ ప్లాంటు మూసేదాకా ఇదే తంతు. ఆ కాలవ చివర ఉండేది నేను. మా అపార్ట్‌మెంట్లలో రెండు స్విమ్మింగ్ పూల్స్. ఒకటి పెద్దలకి, ఒకటి పిల్లలకి. బొగ్గు ఎవరింట్లోదో వాళ్లు మాత్రం పైపెత్తి చివరి చుక్క దాకా దులుపుకోవాలి! ఆ పెద్దావిడ ఇంట్లో కుళాయి లేకపోతే అది వెనకబాటుతనం. అదే కుళాయి లేనితనాన్ని ఇరవై మైళ్ల అవతల గుడ్డ కట్టి అమ్మితే అది క్యారెక్టర్, దానికి తొమ్మిదిన్నర మార్కులు, పైన అయిదు నక్షత్రాలు. నాకు ఆ కార్డు రాసినవాణ్ణి చూడాలని ఉంది. ప్రతి చుక్కనీ ఆస్వాదించాలట. మా అమ్మ ముప్పయ్యేళ్లు ఆస్వాదించిందిరా, వీపు ఒంగిపోయింది.

కార్లో ఈ మాటలన్నీ కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. మా ఆవిడ పాటలు పెట్టింది.

చివరి రాత్రి బావమరిది బుక్ చేసిన చెట్టు మీది ఇల్లు గాలికి కాన్సిల్ అయింది. హైవే పక్కన ఏదో మోటెల్‌లో దూరాం. షీట్‌లో దాని మార్కులు సున్నా. ఆఫీసులో అగరొత్తుల వాసన, గోడ మీద స్వామినారాయణ్ క్యాలెండర్. ఈ దేశంలో ఏ మోటెల్ తలుపు తట్టినా, సగం సార్లు తీసేది మనవాళ్లే, ఎక్కువగా గుజరాతీలు. అమ్మ చీర చూడగానే కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ అందరికీ అల్లం టీ పెట్టుకొచ్చింది. ఆ కౌంటర్ వెనక గదిలోనే నలభై ఏళ్ల కాపురం, ఇద్దరు పిల్లల చదువు. మొదట్లో ఎదుటి మోటెల్ వాడు 'అమెరికన్ ఓన్డ్' అని బోర్డు పెట్టాడని నవ్వుతూ చెప్పింది, అంటే ఇండియన్ల దగ్గరికి పోకండి అని. ఆమెకి తెలుగు రాదు, అమ్మకి హిందీ రాదు, పదకొండింటి దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. గది నలుచదరంగా ఉంది. నాన్న ఈశాన్యం చూసుకుని, ఎనిమిదింటికే గురకపెట్టారు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు బావమరిది ఫోన్ చేశాడు. డిసెంబర్‌లో నెవాడా వెళ్దామట. టోనోపా అనే పాత వెండి గనుల ఊళ్లో జోకర్ల మోటెల్ ఉందట, ఎక్కడ చూసినా జోకర్ బొమ్మలే. పక్కనే పాత శ్మశానం, 1901 నుంచి 1911 దాకా పోయిన గని కార్మికులు అందులోనే ఉన్నారు. పదికి పది బావా, అన్నాడు. నేనేమీ అనకుండా ఫోన్ స్పీకర్లో పెట్టాను.

నాన్న పేపర్ మడిచారు. "శ్మశానం ఏ దిక్కున ఉందో కనుక్కో. దక్షిణమైతే పర్లేదు."

అవతల నుంచి కీబోర్డు చప్పుడు వినబడింది. షీట్‌లో కొత్త కాలమ్ వేస్తున్నట్టున్నాడు.