బిందె మోస్తే బీపీ రాదట

మొన్న సంక్రాంతికి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో మనవాళ్లు 'పల్లె వైభవం' జరుపుకున్నారు. టెన్నిస్ కోర్టులో గడ్డి పరిచి, గుడిసె వేసి, ఆన్‌లైన్‌లో తెప్పించిన పిడకలు పేర్చి, ఆడవాళ్లకు బిందెల పోటీ పెట్టారు. క్లబ్‌హౌస్ మెట్ల దగ్గర్నుంచి స్విమ్మింగ్ పూల్ దాకా నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని నడవాలి. మొదటి బహుమతి ఎయిర్ ఫ్రయర్.

పోటీ కంటే దానికి ముందు జరిగిన నిబంధనల మీటింగే అసలు వైభవం. ఇత్తడి బిందె బరువని ప్లాస్టిక్ బిందెకి దిగారు. నిండా పోస్తే పట్టుచీరలు తడుస్తాయని సగం చేశారు. సగమైనా తొణుకుతోందని పావు చేశారు. బోరు నీళ్లు పడితే జుట్టు ఊడుతుందని ఎవరో భయపెడితే ఆర్వో నీళ్లు పోయాలని తీర్మానించారు. అంతా అయ్యాక చుట్టకుదురు చుట్టడం కమిటీలో ఒక్కరికీ రాదని తేలింది. యూట్యూబ్ చూశారు, కుదరలేదు. కదిరి వైపు నుంచి వలసొచ్చి అక్కడే నాలుగిళ్లలో అంట్లు తోముకునే ఒకామెకి కబురు పెట్టారు. ఆమె సర్వీస్ లిఫ్ట్‌లో దిగొచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని, తువ్వాలు మెలితిప్పి గిర్రున చుట్టి తలా ఒకటి చేసిచ్చింది. "అక్కా, సూపర్!" అన్నారు. పోటీకి మాత్రం పిలవలేదు, రెసిడెంట్లకు మాత్రమేనట. న్యాయమే లెండి, ఆమె దిగితే ఎయిర్ ఫ్రయర్ కదిరి చేరేది.

ఇక్కడిదాకా నవ్వుకుని ఊరుకోవచ్చు. భోజనాల ముందు ముఖ్య అతిథి మైకందుకున్నారు. "మా అమ్మ రోజూ రెండు కిలోమీటర్లు నడిచి నీళ్లు మోసేదండీ. బీపీ లేదు, షుగర్ లేదు. మనమేమో జిమ్ముకి వేలకు వేలు పోస్తున్నాం!" ఒకటే చప్పట్లు.

బీపీ లేదని ఎవరు చూశారు సార్? చూసే మిషను ఆ ఊరికి ఎప్పుడొచ్చింది? అంత గొప్ప వ్యాయామమైతే మీ నాన్నగారు అరుగు దిగలేదేం? తరతరాలుగా మన మగవాళ్లు ఆ ఆరోగ్యమంతా ఆడవాళ్లకే వదిలేసి చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నారంటే, ఎంతటి త్యాగం!

2024 మార్చిలో ఇదే బెంగళూరులో బోర్లు ఎండి, ట్యాంకర్ల రేట్లు కొండెక్కాయి. తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. బేస్‌మెంట్ నుంచి రెండు బకెట్లు లిఫ్టులో, మళ్లీ చెబుతున్నా లిఫ్టులో, తెచ్చుకున్నందుకు వాట్సాప్ గ్రూపుల్లో 'నరకం' అని ఏడ్చినవాళ్లు ఎందరో. షుగర్ తగ్గిందని అప్పుడు ఒక్కరూ మురిసిపోలేదే?

పల్లెల్లో ప్రతి ఇంటికీ 2024 కల్లా కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్లు అని 2019లో జల్ జీవన్ మిషన్ పెట్టారు. గడువు ఇప్పుడు 2028కి జరిగింది. కుళాయి వచ్చిన చోటల్లా నీళ్లొస్తాయని నమ్మేవాళ్లు పల్లె వైభవం కమిటీలో తప్ప ఎక్కడా ఉండరు. 12,000 రూపాయల సాయంతో మరుగుదొడ్లూ కట్టించి, పల్లెల్లో ఇక ఎవరూ బయటికి వెళ్లడం లేదని 2019 అక్టోబరు 2న ప్రకటించేశారు. ఆ మరుగుదొడ్డిలో పోయాల్సిన నీళ్లు ఎవరు మోయాలి? ఆ ఇంటి ఆడమనిషే. తాగడానికీ వండడానికీ మోసి నడుం పడిపోయాక దానిక్కూడా ఇంకో బిందె ఎక్కడ తెస్తుంది? అందులో కట్టెలు పడేసి తలుపు మూసింది.

మూసి, చీకటి పడేదాకా బిగబట్టుకుని కూర్చుంటోంది. మధ్యాహ్నం మంచినీళ్లు తాగదు, మళ్లీ వెళ్లాల్సి వస్తుందని. రోడ్డు పక్కన కూర్చుంటే లారీ లైటు పడగానే సగంలో లేచి నిలబడాలి, అది దాటాక కూర్చోవాలి, ఇంకోటి వస్తే మళ్లీ లేవాలి. మూత్రం మంటని ఎవరికీ చెప్పదు. తెల్లబట్ట, కడుపునొప్పి అని ఎప్పటికో ఆస్పత్రికి వెళితే, పిల్లలు పుట్టేశారుగా, తీసేద్దాం అంటారు. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో మన రెండు తెలుగు రాష్ట్రాలే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఏం ఆరోగ్యమయ్యా ఇది? సిగ్గుండక్కర్లేదా ఆ మైకు పట్టుకోడానికి?

సరే, కోపం ఆరోగ్యానికి మంచిది కాదు. వచ్చే సంక్రాంతికి సలహాలు పంపమన్నారు కనుక పంపాను. ఇత్తడి బిందెలు, నిండా నీళ్లు. నెత్తిన ఒకటి, చంకన ఒకటి. రెండో ఐటమ్‌గా తెల్లవారుజామున నాలుగింటికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన చెంబు పోటీ, హెడ్‌లైట్ పడ్డప్పుడల్లా లేచి నిలబడాలి.

కమిటీ నుంచి మర్యాదగానే జవాబొచ్చింది. "ఐడియా వెరైటీగా ఉందండీ. కానీ ఆ టైములో, చీకట్లో, లేడీస్‌ని రోడ్డు మీదకి పంపడం సేఫ్ కాదు కదా. సెక్యూరిటీ ఒప్పుకోదు."